ఇంగ్లిష్ రైడింగ్ పోటీలకు దుస్తులు ఎలా ఎంచుకోవాలి? రంగు ఎక్కడ చూపాలి, ఎక్కడ అణచాలి

పోటీకి పేరిచ్చిన రోజే కోటు కొనడానికి పరిగెత్తకండి. హంటర్, జంపర్, డ్రెస్సాజ్, ఈవెంటింగ్ అన్నీ ఇంగ్లిష్ రైడింగ్ కిందికే వస్తాయి గానీ, బట్టల దగ్గర ఒక్కో ఇంటిది ఒక్కో ఆచారం. డ్రెస్సాజ్‌లో ముచ్చటగా కనిపించే మెరూన్ కోటు హంటర్ రింగ్‌లో కంట్లో నలుసవుతుంది.

మొదట విభాగం తేల్చుకోండి

హంటర్‌లో మార్కులు గుర్రానికి. దాని నడక, దూకే తీరు, నెమ్మది చూస్తారు. రౌతు మీదికి చూపు మళ్లితే నష్టం గుర్రానికే. అందుకే ఇక్కడ సంప్రదాయమే దారి: నేవీ బ్లూ, ముదురు బూడిద లేదా ముదురాకుపచ్చ కోటు, లేత గోధుమరంగు బ్రీచెస్ (ఒంటికి అతుక్కునే స్వారీ ప్యాంటు), తెల్లని లేదా లేతరంగు చొక్కా, నల్ల హెల్మెట్, నల్ల పొడుగు బూట్లు. రంగు మీద అంత మనసుంటే కోటు లోపలి లైనింగ్‌లో పెట్టుకోండి. రౌతు స్వారీ తీరు చూసే ఈక్విటేషన్‌లో మార్కులు రౌతుకే అయినా దుస్తులు ఇవే.

జంపర్‌లో లెక్కలోకి వచ్చేవి పడిన కడ్డీలు, గడియారం. దుస్తులకు మార్కు లేదు కాబట్టి కాస్త స్వేచ్ఛ ఎక్కువ. ఐర్లండ్ జట్టు ఆకుపచ్చ కోట్లు, నెదర్లాండ్స్ జట్టు నారింజ కోట్లు వేసేది ఈ రింగ్‌లోనే. అయినా పెద్ద క్లాసుల్లో తెల్లని లేదా లేతరంగు బ్రీచెస్, తెల్ల కాలరు తప్పవు.

నిర్ణీత కదలికలను గుర్రం ఎంత చక్కగా చేస్తుందో చూసే డ్రెస్సాజ్‌ది మధ్యదారి. అమెరికాలో గుర్రపు స్వారీ సమాఖ్య యూఎస్‌ఈఎఫ్ నిబంధనల ప్రకారం కోటు ఏ రంగైనా ఒకే రంగులో ఉండాలి. చారలు, రంగురంగుల బట్ట కుదరవు. కాలరుకు వేరే రంగు, అంచున సన్నని పైపింగ్ పెట్టుకోవచ్చు. వైన్, ముదురు ఊదా, బాటిల్ గ్రీన్ కోట్లు ఇప్పుడు మామూలే.

మూడు పోటీలు కలిసిన ఈవెంటింగ్‌లో డ్రెస్సాజ్, జంపింగ్ రోజులు పద్ధతిగా గడుస్తాయి. ఆరుబయట అడ్డంకులు దూకే క్రాస్‌కంట్రీ రోజు మాత్రం రంగులన్నీ మీవే. హెల్మెట్ మీద తొడిగే సిల్క్, చొక్కా, గుర్రం జీను కింది ప్యాడ్ ఒకే జంట రంగుల్లో ఉండటం అక్కడి సంప్రదాయం. బోల్డ్‌గా ఉండాలనే కోరికంతా తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. బాడీ ప్రొటెక్టర్ మాత్రం తప్పనిసరి.

విభాగం తేలాక ఆ పోటీ ప్రైజ్ లిస్ట్ (పోటీ వివరాల పత్రం), ఆ ఏటి రూల్‌బుక్‌లో దుస్తుల పేజీ చదవండి. రెండేళ్ల కిందటి సలహా నమ్మితే మోసపోతారు. డ్రెస్సాజ్‌కు గుర్తుగా ఉన్న టాప్ హ్యాట్‌కే 2021 జనవరి 1 నుంచి అంతర్జాతీయ పోటీల్లో చోటు లేకుండా పోయింది. గుర్రం మీదున్నంతసేపూ రక్షణ హెల్మెట్ ఉండాల్సిందే.

హెల్మెట్ ముందు, కోటు తర్వాత

డబ్బు తక్కువైతే కోటు దగ్గర తగ్గించుకోండి, హెల్మెట్ దగ్గర కాదు. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1163 భద్రతా ప్రమాణంతో పాటు ఎస్‌ఈఐ ధ్రువీకరణ ముద్ర, బ్రిటన్‌లో పాస్ 015 వంటి ప్రమాణం ఉందో లేదో లోపలి స్టికర్ మీద చూడండి. సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ వద్దే వద్దు. ఒకసారి పడిన దెబ్బకు లోపలి ఫోమ్ నలిగిపోతుంది, పైకి గీత కూడా కనపడదు.

కొలత తీసేటప్పుడు పోటీ రోజు జడ ఎలా వేస్తారో అలాగే వేసుకోండి. జుట్టు వదిలేసి కొలిచి, పోటీ రోజు కొప్పంతా లోపలికి దోపితే హెల్మెట్ పైకి లేస్తుంది. అంచు కనుబొమలకు దాదాపు రెండువేళ్ల పైన ఉండాలి. పట్టీ బిగించకుండా హెల్మెట్‌ను అటూ ఇటూ కదిపితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే జారిందంటే అది పెద్దది.

పైన మెరిసే రాళ్ల పట్టీ డ్రెస్సాజ్‌లో ఒకటి సరిపోతుంది. హంటర్‌లో అసలొద్దు.

కోటు రంగు గుర్రాన్ని చూసి

దుకాణం అద్దంలో మీరొక్కరే కనిపిస్తారు. రింగ్‌లో మీ వెనక అరటన్ను గుర్రం ఉంటుంది. కోటు గుడ్డను దాని మెడ మీద వేసి, పగటి వెలుగులో 20 మీటర్ల దూరం నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. ఎర్రగోధుమ ఛాయ చెస్ట్‌నట్ మీద మెరూన్ కొట్టుకుపోయినట్టుంటుంది, నేవీ, ముదురాకుపచ్చ నిలబడతాయి. గోధుమ ఒళ్లు, నల్ల జూలు ఉన్న బే గుర్రానికి వైన్ రంగు బాగా నప్పుతుంది. తెల్ల, బూడిద గుర్రాల మీద దాదాపు ఏ ముదురు రంగైనా పలుకుతుంది. నల్లగుర్రం మీద నల్లకోటు వేస్తే నడుము ఎక్కడో, జీను ఎక్కడో దూరానికి తెలియదు. అక్కడ బూడిదరంగు మేలు.

ఈ దూరం లెక్క డ్రెస్సాజ్‌లో మరీ ముఖ్యం. ప్రామాణిక అరీనా పొడవు 60 మీటర్లు, న్యాయనిర్ణేత ఒక కొసన కూర్చుంటారు. అంత దూరానికి కాలరు మీది చిన్న రాళ్లు ఆనవు. కోటుకూ బ్రీచెస్‌కూ మధ్య రంగుల గీత, తెల్ల గ్లవ్స్ కదలిక మాత్రం స్పష్టంగా తెలుస్తాయి. అందుకని రంగు పెట్టదలిస్తే ఒక్కచోటే పెట్టండి. వైన్ కోటు వేస్తే మిగతావన్నీ తెలుపు, నలుపే. కాలరు, పైపింగ్, జీను ప్యాడ్, గుర్రం చెవుల టోపీ నాలుగూ నాలుగు రంగుల్లో ఉంటే చూపు దేనిమీదా నిలవదు.

ఇక కొలత. కోటును నిలబడి చూసి తీసుకోకండి. దుకాణంలో జీను ఉంటే దాని మీద, లేదా కుర్చీలో, పగ్గాలు పట్టుకున్నట్టు చేతులు ముందుకు పెట్టి కూర్చోండి. భుజాల వెనక గుడ్డ లాగితే ఒక సైజు పెద్దది చూడాలి. చేతులు వంచినప్పుడు చొక్కా చేతి అంచు ఒక సెంటీమీటరు బయటికి కనపడాలి. కోటు వెనకభాగం జీను మీద ఒరుగుతూ ఉండాలి, మీ కింద నలిగిపోకూడదు. హైదరాబాద్ ఎండకైనా టెక్సస్ ఎండకైనా ఉన్ని కోటు శిక్షే. సాగే, గాలాడే మెష్ రకం తీసుకోండి. ఎండ మరీ ఎక్కువైన రోజు నిర్వాహకులు కోటు విప్పడానికి అనుమతి ఇవ్వవచ్చు, కాబట్టి లోపల కాలరున్న శుభ్రమైన తెల్ల చొక్కా ఉండాలి.

గ్లవ్స్: ఇక్కడే చాలామంది పొరపడతారు

తెల్ల గ్లవ్స్ అందంగా ఉంటాయని కొంటారు. చేతులు నిలకడగా ఉన్నవారికి అవి మేలే చేస్తాయి. ట్రాట్ అనే ఎగురు నడకలో పిడికిళ్లు పైకీ కిందికీ ఊగేవారికి మాత్రం ఆ తెలుపే చాడీ చెబుతుంది. ఒకసారి తెల్లవి, ఒకసారి నల్లవి వేసుకుని వీడియో తీసి చూస్తే మీకే తెలిసిపోతుంది. చేతులు కుదురుకునేదాకా నల్లవో, కోటు రంగువో వాడండి. అంతర్జాతీయ డ్రెస్సాజ్‌లో గ్లవ్స్ తప్పనిసరి.

మెడ దగ్గర కట్టే తెల్ల స్టాక్ టై వేట మైదానాల నుంచి వచ్చింది. గాయమైతే విప్పి కట్టుగా వాడేవారు. దానికి గుచ్చే పిన్ను అడ్డంగా పెట్టాలి. నిలువుగా పెడితే పడినప్పుడు గొంతులో గుచ్చుకోవచ్చు.

బ్రీచెస్, బూట్లు

తెల్ల బ్రీచెస్ ఎండలో లోపలివన్నీ చూపిస్తాయి. లోపల తెల్లవి వేస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒంటి రంగుకు దగ్గరగా, అంచు కుట్టు లేనివి వేసుకోండి. రింగ్‌కు పిలిచేదాకా పైన పాత ట్రాక్ ప్యాంటు ఉండనివ్వండి, గుర్రం పచ్చని చొంగ తుడిచేది ముందుగా మీ తొడకే. ఉతికేటప్పుడు చల్లనీళ్లు చాలు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే మోకాళ్ల దగ్గరి సిలికాన్ పట్టు పోతుంది, క్లోరిన్ బ్లీచ్ వేస్తే సాగే గుడ్డ పసుపెక్కుతుంది.

చిన్నపిల్లలకు పొడుగు బూట్లు అక్కర్లేదు. జోద్‌పూర్ ప్యాంటు, పొట్టి ప్యాడక్ బూట్లు చాలు. పేరు చెబుతున్నట్టే ఆ ప్యాంటు మన జోధ్‌పూర్‌దే. ఆ రాజకుటుంబానికి చెందిన సర్ ప్రతాప్ సింగ్ దాన్ని 19వ శతాబ్దం చివర్లో బ్రిటన్‌కు పరిచయం చేశారు.

పొడుగు బూట్ల కొలతలు సాయంత్రం తీయండి, పొద్దుటికన్నా పిక్కలు కాస్త ఉబ్బి ఉంటాయి. బ్రీచెస్, సాక్స్ వేసుకునే కొలవాలి. మోకాలు 90 డిగ్రీలు వంచి కూర్చుని, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు, పిక్క అన్నిటికన్నా లావున్న చోట చుట్టుకొలత రాసుకోండి. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. తోలు బూటు వాడేకొద్దీ చీలమండ దగ్గర ముడతలు పడి రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. అందుకే కొత్తలో మోకాలి వెనక కాస్త గుచ్చుకునేంత ఎత్తుండాలి. మడమ కింద తాత్కాలికంగా ప్యాడ్ పెడితే ఒరిపిడి తగ్గుతుంది. కొత్తలోనే హాయిగా ఉన్న బూటు రెండు నెలలకు పొట్టిదైపోతుంది. బ్రౌన్ బూట్లు, పేటెంట్ మెరుపు డ్రెస్సాజ్, జంపర్‌లలో ముద్దొస్తాయి. హంటర్‌కు నల్లవే.

పోటీకి వారం ముందు

మొత్తం వేసుకుని పూర్తి సాధన ఒకటి చేయండి. కోటు గుండీలు పెట్టి దూకండి, కూర్చుని ట్రాట్ చేయండి. గుండీ ఊడటం, హెల్మెట్ కళ్ల మీదికి జారడం, బూటు జిప్పు తెగడం ఆ రోజే జరగనివ్వండి. కోటు తోక తగిలి బెదిరే గుర్రాలూ ఉంటాయి, దానికీ అలవాటు కావాలి. సంచిలో అదనపు గ్లవ్స్ జత, హెయిర్‌నెట్లు రెండు, సూదీ దారం, నల్ల టేపు, తడి వైప్స్ పెట్టుకోండి. జిప్పు తెగితే నల్లబూటు చుట్టూ నల్లటేపు చుట్టి రింగ్‌లోకి వెళ్లిపోవచ్చు.