అణు ప్రమాదాల పాఠం చెర్నోబిల్‌తో మొదలుపెట్టకండి

చెన్నైలో ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్తాను. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రం మాకు సుమారు 70 కిలోమీటర్లే కాబట్టి, న్యూక్లియర్ చాప్టర్ రాగానే "సార్, అది బాంబులా పేలుతుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పేలదు, ఇంధనంలో యురేనియం-235 అంత మోతాదులో ఉండదు అని చెప్పి ముందుకెళ్లండి.

మొదట ఒక లెక్క చేయించండి. కల్పాక్కంలో 220 మెగావాట్ల కరెంటు ఇచ్చే పాత రియాక్టర్ లోపల పుట్టే వేడి సుమారు 800 మెగావాట్లు. చైన్ రియాక్షన్ ఆపేశాక కూడా, విచ్ఛిత్తిలో పుట్టిన పదార్థాల వల్ల మొదట్లో అందులో 6 శాతం దాకా వస్తూనే ఉంటుంది. అంటే దాదాపు 50 మెగావాట్లు. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది గానీ, ఆపేందుకు స్విచ్ లేదు. ఆ అంకెను బోర్డు మీద ఉంచేసి, ప్రతి ప్రమాదం దగ్గరా అడగండి: ఈ వేడిని మోసుకెళ్లాల్సిన నీళ్లు ఎక్కడ ఆగాయి?

1979 మార్చి 28న అమెరికాలో జరిగిన త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదానికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది, నీళ్లు బయటికి పోతూనే ఉన్నాయి. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం మాత్రం ఆరింది. మూసుకోమని ఆదేశం వెళ్లిందన్నదే ఆ దీపం చెప్పేది, వాల్వ్ మూసుకుందని కాదు. ప్రెజరైజర్‌లో, అంటే రియాక్టర్ నీళ్ల ఒత్తిడిని నిలిపే ట్యాంకులో, మట్టం ఎక్కువ కనిపించేసరికి నీళ్లు సరిపడా ఉన్నాయనుకుని ఆపరేటర్లు అత్యవసర నీళ్లు తగ్గించేశారు. ఇంధనం ఉండే కోర్ దాదాపు సగం కరిగింది. ఇక్కడ ఆగి, వాల్వ్ సంగతి ఆ గదిలోంచే ఎలా కనిపెడతారో అడగండి. "అవతలి గొట్టం వేడి చూడొచ్చుగా సార్" అంది మా క్లాసులో ఒకమ్మాయి. ఆ రీడింగ్ ఉంది, ఎక్కువే చూపించింది. వాల్వ్ ముందునుంచే కారుతుండేది కాబట్టి మామూలేననుకున్నారు.

ఫుకుషిమాకు పది నిమిషాలు చాలు. 2011లో భూకంపానికి రియాక్టర్లు సరిగ్గానే ఆగాయి. సునామీ వచ్చి కింద ఉన్న డీజిల్ జనరేటర్లను ముంచింది, నీళ్లు తోసే పంపులకు కరెంటు పోయింది. 2015 వరదల్లో బేస్‌మెంట్లు మునిగిన ఊరి పిల్లలకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

మన ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రాన్ని వదలకండి. 1993 మార్చి 31న టర్బైన్ బ్లేడు విరిగి మంటలు లేచాయి, కేబుళ్లు కాలి సుమారు 17 గంటలు ప్లాంటులో కరెంటు లేదు. మంటలార్పే డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పెట్టి గట్టెక్కించారు.

చెర్నోబిల్ చివర్లో చెప్పండి, ఎందుకంటే 1986లో అక్కడ ఆగిన రియాక్టర్ వేడి కాదు, నడుస్తున్న రియాక్టర్ శక్తి చేయి దాటింది. నీళ్లు ఆవిరైతే శక్తి పెరిగే డిజైన్ అది. చైన్ రియాక్షన్‌ను అదుపు చేసే కంట్రోల్ రాడ్ల చివర, ఆ రియాక్షన్‌ను పెంచే గ్రాఫైట్ ఉండటంతో, ఆపే బటన్ నొక్కగానే మొదట శక్తి ఎగబాకింది. ఇదే ముందు వింటే పిల్లలు మిగతావన్నీ ఇలాంటివేననుకుంటారు.

హోంవర్క్ కల్పాక్కమే. 2004 డిసెంబర్ 26న సునామీ నీళ్లు పంప్‌హౌస్‌లోకి వచ్చాయి, నడుస్తున్న రెండో యూనిట్‌ను భద్రంగా ఆపారు. సముద్రం పక్కన ప్లాంటు బొమ్మ గీసి, ఏవి కింద ఉండక తప్పదో, ఏవి ఎత్తున పెట్టాలో గుర్తించమనండి. పంపుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో గీయకపోతే నేనైతే మార్కులు వేయను.