క్లయింట్ టీచింగ్ ప్రశ్నలు దారికొచ్చింది ఇలా

అమెరికాలో నర్సు లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష ప్రాక్టీసులో డోసు లెక్కలు నన్నెప్పుడూ టెన్షన్ పెట్టలేదు. ఇబ్బందల్లా క్లయింట్ టీచింగ్‌తోనే, అంటే పేషెంటుకి జాగ్రత్తలు నేర్పడం మీద వచ్చే ప్రశ్నలతోనే. "పేషెంటు చెప్పిన ఏ మాటను బట్టి ఇంకా నేర్పాలని తెలుస్తుంది?" అని అడుగుతారు. అంటే మనం పట్టుకోవాల్సింది తప్పు మాటని. నాలుగు ఆప్షన్లూ చదివేసరికి ఆ సంగతే మర్చిపోతాం.

బెంగళూరు మడివాళలో మా పీజీ రూమ్మేట్‌ది కర్నూలు. నైట్ డ్యూటీ లేని రోజుల్లో తను పేషెంటు, నేను నర్సు. ఆప్షన్లు మూసేసి, ఇంటికెళ్లాక ఏం చేయాలో ముందు నేను తెలుగులో చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ అయితే ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. నొప్పికి సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకూడదు. తర్వాత అదంతా తను తన మాటల్లో తిరిగి చెప్పాలి. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తలూపేస్తారు కదా.

ఇన్‌హేలర్‌కి చెప్పించుకుంటే చాలదు, చేయించాలి. ఖాళీది ఒకటి చేతికిచ్చాను. బాగా ఊపింది, ఊపిరి వదిలి నెమ్మదిగా పీల్చింది, 10 సెకన్లు బిగబట్టింది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మడం మాత్రం వదిలేసింది. నోట్లో ఫంగస్ పట్టకుండా చూసేది అదే. ప్రశ్నలో ఇరికించేదీ ఇలాంటిదే.

సేఫ్టీ ప్రశ్నలకి ఇంత హంగామా అక్కర్లేకపోయింది. మందు ఇచ్చేముందు పేరు, పుట్టిన తేదీ సరిచూడాలి. గది నంబరు లెక్కలోకి రాదు.

ఇప్పుడు ప్రశ్నలో ఆఖరి వాక్యమే ముందు చదువుతున్నా. "ఇంకా నేర్పాలి" అని కనబడితే రఫ్ కాగితం మీద "తప్పు" అని పెద్దగా రాసుకుని, ఆ తర్వాతే ఆప్షన్లు చూస్తా.