గ్యాస్ లీక్ తరువాత పెరుగుతున్న పిల్లలకు ఆ రాత్రి గురించి చెప్పే విధానం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ పరిశ్రమ నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి వ్యాపించి 12 మంది మరణించినప్పుడు ఒడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. వారి ప్రశ్నలను "అదంతా నీకెందుకు" అని దాటవేయకండి. చిన్నవారికి రెండు వాక్యాలు చాలు. పదేళ్లు దాటినవారికి మాత్రం కారణం చెప్పాలి: చల్లగా ఉంచవలసిన స్టైరిన్, లాక్‌డౌన్‌లో పరిశ్రమ మూతపడి ఉండగా ట్యాంకులో వేడెక్కి, తనంతట తాను పాలిమరుగా (అణువులు గొలుసులా కలిసిన పదార్థంగా) మారుతూ మరింత వేడిని పుట్టించి, ఆవిరై ఊరిమీదికి వచ్చింది. రోడ్డుపై కుప్పకూలిన మనుషుల వీడియోలు చూపకండి. వాటివల్ల తెలిసేది తక్కువ, మిగిలే భయం ఎక్కువ.

ఆ భయాన్ని ఏదైనా పనిలోకి మళ్లించడం మేలని నా అభిప్రాయం. ఘాటైన వాసన వస్తే ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని, గాలి వీచే దిశకు అడ్డంగా నడవాలని, స్టైరిన్ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక పల్లంలో ఆగకూడదని, 112కు ఫోన్ చేయాలని వివరించి, ఒకసారి వారితో కలిసి నడిచి చూపండి.

మనిషిని పోగొట్టుకున్న ఇళ్లలో ఆ పేరు పలకడం మానకండి. పిల్లలు వారాల తరబడి నిద్రలో ఉలిక్కిపడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.