పై బ్యాండ్ వదలడం లేదా? జీన్ కంటే ముందు పొరను చూడండి

"ఏటక్కా, మళ్లీ రెండు బ్యాండ్లే!" మే నెల విశాఖ ఉక్కపోతలో, ఏసీ మొరాయించిన మా ల్యాబ్‌లోకి జూనియర్ బ్లాట్ (ప్రోటీన్లను సైజు ప్రకారం గీతలుగా చూపే పొర) పట్టుకుని వచ్చాడు. కింద అసలు ప్రోటీన్, దానికి సుమారు 2 కిలోడాల్టన్ల పైన ఇంకో గీత.

లక్షణం: ఈ.కోలై బ్యాక్టీరియాలో పై బ్యాండ్ తగ్గడం లేదు.

అది సిగ్నల్ పెప్టైడ్ (పొర దాటించే చిరునామా తోక, దాటాక ఊడిపోతుంది) ఊడని ప్రోటీన్. పొర దాటలేక లోపలే చిక్కుకుందన్నమాట. ప్రోటీన్ తయారీని ఆన్ చేసే ఐపీటీజీ ఎక్కువై, ప్రోటీన్లు పొర దాటే సెక్ దారి జామ్ కావడమే మామూలు కారణం. డోసు తగ్గించి చూడండి. మావాడు అదెప్పుడో చేసేశాడు.

ఇక మిగిలింది పొర. ప్రోటీన్‌ను ఏటీపీతో (కణం ఇంధనంతో) నెట్టేది సెక్‌ఏ అనే మోటారు ప్రోటీన్. లోపల నెగెటివ్‌గా, బయట పాజిటివ్‌గా ఉండే వోల్టేజీ ఆ పనిని వేగంగా నడిపిస్తుంది. సుమారు 150 మిల్లీవోల్టులే కదా అనుకోకండి. పొర మందం 5 నానోమీటర్లు, లెక్కేస్తే సెంటీమీటరుకు 3 లక్షల వోల్టులు. గాలిలో స్పార్క్ రావడానికి 30 వేలు చాలు!

"ఫ్లాస్కులో ఎంత పోశావురా?" అని అడిగాను. 250 మి.లీ. ఫ్లాస్కులో 200 పోశాడట, పైగా కరెంటు పోయి షేకర్ కాసేపు ఆగిందట. ఆక్సిజన్ అందకపోతే శ్వాస గొలుసు ప్రోటాన్లను బయటికి తోడలేదు, వోల్టేజీ పడిపోతుంది. 50 మి.లీ. పోసి మళ్లీ పెంచితే పై గీత సన్నబడింది.

లక్షణం: వోల్టేజీయే కారణమని రుజువు కోసం సీసీసీపీ (ప్రోటాన్లను పొర దాటించి వోల్టేజీని పోగొట్టే మందు) వేసినా తేడా లేదు.

బఫర్‌లో మెర్కాప్టోఇథనాల్ గానీ డీటీటీ గానీ ఉందేమో చూడండి. ఆ థయాల్స్ (గంధకం ఉన్న రసాయనాలు) సీసీసీపీని పనికిరాకుండా చేస్తాయి. ఎగుమతి మళ్లీ మొదలవ్వాలంటే మాత్రం ఇదే చిట్కా.

లక్షణం: సీసీసీపీ పనిచేసింది, కానీ రివ్యూయర్ ఒప్పుకోలేదు.

ఒప్పుకోడు మరి. వోల్టేజీ పోగానే, ఏటీపీని తయారుచేసే ఎంజైమ్ ఏటీపీ సింథేజ్ వెనక్కి తిరిగి ఏటీపీని కరిగించేస్తుంది. ఎగుమతి దేనివల్ల ఆగినట్టు? ఏటీపీ సింథేజ్ లేని స్ట్రెయిన్‌కు గ్లూకోజ్ ఇచ్చి చేయండి, ఏటీపీ నిలబడుతుంది.

లక్షణం: వాలినోమైసిన్ (పొటాషియంను పొర దాటించి వోల్టేజీని మాత్రమే పోగొట్టే మందు) వేసినా తేడా లేదు.

బయటి పొర దాన్ని లోపలికి రానివ్వదు, ముందు ఆ పొరను వదులు చేసే ఈడీటీఏ పెట్టాలి. బఫర్‌లో పొటాషియం దండిగా ఉండాలి. పీహెచ్ 7.5 దగ్గర ఉంచండి; అక్కడ కణం లోపలికీ బయటికీ పీహెచ్ తేడా దాదాపు సున్నా, మిగిలేదంతా వోల్టేజీయే. పీహెచ్ 6లో చేస్తే, వోల్టేజీ పోయినా పీహెచ్ తేడా ఆదుకుంటుంది, మీరు టెన్షన్ పడతారు.