పాత వెండి నాణేన్ని చదవడం – నాలుగో పాఠం: వెలుగు తిరుగుతోందా?

గత పాఠంలో అరుగుదల చూశాం. బొమ్మలో ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరుగుతాయని, ఏ నాణేనికి ఆ చోట్లు ఎక్కడున్నాయో తెలుసుకున్నాకే చూడాలని చెప్పుకున్నాం. అమెరికా పాత వెండి నాణెం మోర్గన్ డాలర్‌కైతే ఒక వైపు చెవి పైన జుట్టు, రెండో వైపు గద్ద రొమ్ము. మీలో కొందరికి ఈపాటికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. జుట్టు చదునుగా ఉంది, మిగతా నాణెం కొత్తదానిలా ఉంది. ఇది అరిగిందా, లేక టంకశాలలోనే ముద్ర సరిగా పడలేదా? బొమ్మను ఎంతసేపు చూసినా ఇది తేలదు. మెరుపును చూస్తే తేలుతుంది.

ఆ మెరుపు ఎలా పుడుతుందో ముందు తెలుసుకుందాం. వెండి బిళ్ల రెండు అచ్చుల మధ్య నలిగినప్పుడు లోహం మధ్యలోంచి అంచు వైపు పాకుతుంది. నాణెం తర్వాత నాణెం కొడుతూ పోయేకొద్దీ ఆ ఒరిపిడికి అచ్చు మీద కంటికి ఆనని సన్నని గీతలు ఏర్పడతాయి. అవే నాణెం మీదికీ దిగుతాయి. అందుకే కొత్త నాణేన్ని దీపం కింద కాస్త వంచి తిప్పితే వెలుగు పట్టీలు బండి చక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతాయి. కలెక్టర్లు దీన్నే కార్ట్‌వీల్ అంటారు. తోమిన వెండి కూడా మెరుస్తుంది, కాకపోతే ఆ మెరుపు తిరగదు. ఎటు వంచినా ఒకేలా తళతళలాడుతుంది.

చూసే పద్ధతి చెబుతాను. గదిలో మిగతా లైట్లు ఆపేసి, ఒక్క టేబుల్ లైట్ ఉంచండి. ట్యూబ్‌లైట్ వెలుగు అన్ని వైపులా పరుచుకుని సన్నని గీతల్ని దాచేస్తుంది, కాబట్టి అది వద్దు. కింద మెత్తని బట్ట పరిచి, నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకుని, నెమ్మదిగా వంచుతూ తిప్పండి. భూతద్దం వెంటనే అందుకోవద్దు. ముందు ఉత్త కంటితో మొత్తం నాణేన్ని చూసి, ఆ తర్వాత 5 నుంచి 10 రెట్లు పెంచే లూప్‌తో (చిన్న భూతద్దంతో) అనుమానం ఉన్న చోట్లు చూడండి. తొందరపడి లూప్ పట్టినవాళ్లకు గీతలు కనిపిస్తాయి కానీ నాణెం కనిపించదు.

ఇప్పుడు ఆ చదునైన జుట్టు దగ్గరికి వద్దాం. వెలుగు పట్టీ తెగకుండా దాని మీదుగా సాగిపోతే అక్కడి పై పొర చెక్కుచెదరలేదన్నమాట. ముద్ర బలంగా పడలేదు, అంతే. న్యూ ఆర్లీన్స్ టంకశాలలో కొట్టిన మోర్గన్ డాలర్లలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. పట్టీ అక్కడికొచ్చి తెగిపోయి, ఆ చోటు బూడిద రంగులో మందకొడిగా ఉంటే అది అరుగుదల. 1949లో విలియం షెల్డన్ అమెరికా రాగి సెంట్ల కోసం తయారు చేసిన, నాణెం స్థితిని 1 నుంచి 70 దాకా అంకెల్లో చెప్పే కొలత ఇప్పుడు వెండికీ వాడుకలో ఉంది. అందులో 60, ఆపైన అంకెలు చలామణీలో అరగని నాణేలకు. 58 అంటే ఎత్తైన చోట్ల ఒరిపిడి జాడ మాత్రమే ఉన్నది. సంచుల్లో ఒకదానికొకటి తగిలి దెబ్బలు తిన్న 61 కంటే చక్కని 58 నాకు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. అంకె చూసి ఆ అందాన్ని వదులుకోకండి.

అంకె దాకా వెళ్లే ముందు దాటాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ పై పొర నాణేనిదేనా? ఇక్కడ నిదానంగా చూడండి, ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. నేర్చుకునే రోజుల్లో నేనొక మోర్గన్ డాలర్ కొన్నాను. పాలలా తెల్లగా ఉంది. ఎప్పుడూ వాడనిదని అమ్మినాయన చెప్పాడు, నమ్మాను. ఇంటికొచ్చి దీపం కింద తిప్పితే పట్టీ అసలు కదల్లేదు. అన్నిచోట్లా ఒకే తెలుపు, ప్రాణం లేని తెలుపు. దాన్ని పదేపదే డిప్ చేశారు, అంటే నలుపు పోగొట్టే ద్రావణంలో ముంచారు. డిప్ ద్రావణంలో సాధారణంగా థయోయూరియా, ఆమ్లం ఉంటాయి. నల్లబడిన పొర అంటే వెండి సల్ఫైడ్. అది నాణెంలోని వెండి నుంచే ఏర్పడింది కాబట్టి, దాన్ని కరిగిస్తే దానితో పాటు కాస్త వెండీ పోతుంది. ఒక్కసారి, కొన్ని క్షణాలు ముంచితే మెరుపు నిలవచ్చు. మళ్లీమళ్లీ ముంచితే ఆ సన్నని గీతలే చెరిగిపోతాయి. వాటిని తిరిగి తెచ్చే మందు లేదు.

తోమిన నాణెం వేరేలా బయటపడుతుంది. ఖాళీ జాగాలో వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిశలో, గుంపుగా ఉంటాయి. చేతులు మారినప్పుడు పడిన గీతలు అలా ఉండవు. ఒకటి లోతుగా, ఒకటి పైపైన, తలా ఒక దిక్కుగా ఉంటాయి. అక్షరాల మూలల్లోకి కూడా చూడండి. ఖాళీ జాగా అంతా తెల్లగా ఉండి మూలల్లో మాత్రం నల్లని మురికి మిగిలి ఉంటే, గుడ్డ వెళ్లగలిగిన చోటల్లా వెళ్లిందన్నమాట. బాగా అరిగిన నాణేనికి సహజమైన రంగు బూడిద. పల్లాల్లో ముదురుగా, ఎత్తుల్లో లేతగా ఉంటుంది. అరిగిపోయి కూడా తెల్లగా మెరుస్తున్న నాణేన్ని నేను ముందు అనుమానిస్తాను, ఆ తర్వాతే చూస్తాను. తిరిగే తీగ బ్రష్‌తో దొంగ మెరుపు తెచ్చిన నాణేలూ ఉంటాయి. లూప్ కింద అక్షరాల పక్కన లోహం గట్టులా పోగుపడి కనిపిస్తే అది బ్రష్ పనే. 1986, 1987లలో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు (నాణేల స్థితిని చూసి అంకె ఇచ్చేవి) ఇలాంటి వాటికి సాధారణంగా అంకె ఇవ్వవు. అరుగుదల స్థాయి చెప్పి, శుభ్రం చేశారని రాసి వదిలేస్తాయి.

ఈ వారం అభ్యాసానికి వెండి అక్కర్లేదు. చిల్లరలో దొరికే కొత్త నాణేలు రెండు తీసుకోండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని బేకింగ్ సోడా ముద్దతో ఒక నిమిషం రుద్ది కడగండి. రెంటినీ ఒకే దీపం కింద పక్కపక్కన తిప్పి, వెలుగు ఎక్కడ తెగిందో, గీతలు ఎటు సాగాయో కాగితం మీద గీసుకోండి. రెండు రోజులాగి మళ్లీ చూడండి. ఈసారి ఎవరినైనా నాణేలు అందించమని అడిగి, ఏది ఏదో ముందుగా తెలియకుండా చూసి చెప్పండి. పదిసార్లలో పదిసార్లూ చెప్పగలిగే దాకా పాత నాణేనికి డబ్బు పెట్టొద్దు.

వచ్చే పాఠంలో టోనింగ్, అంటే కాలం గడిచేకొద్దీ నాణెం మీద పట్టే రంగులు. పసుపు, ఎరుపు, నీలం ఏ వరసలో వస్తాయో, రంగు పులిమిన నాణెం ఆ వరసను ఎక్కడ తప్పుతుందో చూద్దాం. మీరు రుద్దిన నాణెం దాచి ఉంచండి, అప్పుడూ దానితో పని ఉంది.