చిన్న నీలి సీతాకోకలు – 4వ పాఠం: పైనుంచి రెండో చుక్క

ఈ వారం గుడ్లు, గొంగళిపురుగుల పాఠం మొదలుపెడదామనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. గ్రాస్ బ్లూ అనే ఈ చిన్న నీలి సీతాకోకల్లో (డార్క్, లెసర్, టైనీ, పేల్ అని నాలుగు జాతులు) ఏది ఏదో రెక్క చుక్కనుబట్టి తేల్చమని కిందటి పాఠం చివర పని ఇచ్చాను. దానికి మీరు పంపిన జవాబులన్నీ కూర్చుని చూశాను. చాలావరకు తప్పాయి. అందరూ ఒకే చోట తప్పారు కాబట్టి లోపం పాఠంలోనే ఉంది. "గదిలో చుక్క ఉందో లేదో చూడండి" అన్నాను. గది అంటే రెక్కమీద ఈనెల నడుమ ఖాళీ. ఏ రెక్క గదిలోనో చెప్పలేదు. గది చివర ఉండే అడ్డగీత వేరు, గదిలోని చుక్క వేరు అనీ చెప్పలేదు. మీలో చాలామంది ఆ అడ్డగీతనే చుక్కగా లెక్కపెట్టారు. అడ్డగీత వీటన్నిటికీ ఉంటుంది. దాంతో మీరు చూసిన ప్రతి గ్రాస్ బ్లూకూ చుక్క ఉన్నట్టే తేలింది.

కాబట్టి మళ్లీ మొదటినుంచి. రెక్క అడుగుభాగం, స్పర్శశృంగాలు, ఈనెలు వగైరా మళ్లీ చెప్పను, అవి రెండో పాఠంలో ఉన్నాయి.

రెక్క మొదలునుంచి మధ్యదాకా ఈనెలు కట్టిన పొడవాటి ఖాళీయే గది. దాని చివర తలుపు వేసినట్టు నిలబడి ఉన్న ముదురు గీత అడ్డగీత. ముందు రెక్క అడుగున, ఆ అడ్డగీతకూ రెక్క మొదలుకూ నడుమ ఒంటరిగా ఒక చుక్క ఉంటే అది డార్క్ గ్రాస్ బ్లూ అయ్యే అవకాశం ఎక్కువ. లేకపోతే లెసర్ గ్రాస్ బ్లూ. నేను చెప్పిన గుర్తు ఇదే. అయితే ఈ గుర్తును నేను వాడడం తక్కువ. రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు ముందు రెక్కలో సగం వెనుక రెక్క చాటుకు పోతుంది. చుక్క ఉండాల్సిన చోటు సరిగ్గా ఆ చాటులోనే పడుతుంది. కనిపించనంత మాత్రాన లేదని రాసేస్తే తప్పు.

నేను చూసేది వెనుక రెక్క. ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. మూసిన రెక్కను పక్కనుంచి చూడండి. ఒంటికి దగ్గరగా ఉన్న కొన్ని చుక్కలను వదిలేయండి. మధ్యలోని అడ్డగీతనూ వదిలేయండి. ఆ గీత దాటాక, రెక్క పై అంచునుంచి కిందికి వంపు తిరిగి దిగే చుక్కల వరుస ఒకటి ఉంటుంది. లెక్క అక్కడ మొదలుపెట్టండి. పై అంచున ఉన్నది ఒకటో చుక్క, దాని కింది చుక్క రెండోది. లెసర్ గ్రాస్ బ్లూలో ఈ రెండో చుక్క వరుస తప్పి ఒంటివైపు జరిగి ఉంటుంది. బంతిలో అందరూ ఒక వరుసన కూర్చుంటే ఒక్కరు విస్తరి కాస్త వెనక్కి లాక్కున్నట్టు ఉంటుంది. డార్క్ గ్రాస్ బ్లూలో ఎవరూ జరగరు, వంపు వంపుగానే సాగుతుంది.

కొందరు ఒంటి దగ్గరి చుక్కలనుంచే లెక్క మొదలుపెడతారు. అలా లెక్కిస్తే రెండోది ఎప్పుడూ లోపలే ఉంటుంది, ఊళ్లో ఉన్నవన్నీ లెసర్ గ్రాస్ బ్లూలే అవుతాయి. ముందు అడ్డగీత, ఆ తర్వాతే వరుస. ఈ క్రమం మారకూడదు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన సంగతి. "ఇది ముదురుగా ఉంది, కాబట్టి డార్క్", "ఇది మరీ చిన్నగా ఉంది, కాబట్టి టైనీ" అని కారణాలు రాశారు. పేరు చదివి పురుగును గుర్తుపట్టడమంటే, నల్లయ్య అని పిలిచారు కాబట్టి మనిషి నల్లగా ఉండాలని వెతకడమే. డార్క్, పేల్, లెసర్, టైనీ అన్నవి పిలుచుకోవడానికి పెట్టిన ఇంగ్లీషు పేర్లు, గుర్తులు కావు. మగవాటి పైరెక్కల నీలంలో తేడా ఉన్నమాట నిజం. ఆడవి మాత్రం నాలుగు జాతుల్లోనూ పైన గోధుమరంగే. మొదలు దగ్గర కొద్దిగా నీలిపొడి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అంటే రంగును నమ్ముకుంటే ఆడవాటిలో చాలావాటిని మీరు డార్క్ గ్రాస్ బ్లూ కింద రాసేస్తారు. ఇక పొలుసులు రాలిన ముసలి మగవాటి నీలం ఏ నీలమో ఎవరూ చెప్పలేరు. పరిమాణానిదీ అదే తంతు. గొంగళిపురుగుకు తిండి చాలకపోతే సీతాకోక చిన్నదిగా వస్తుంది. ఎండు గట్టుమీద పుట్టిన డార్క్, తడి పొలంలో పుట్టిన టైనీ పక్కపక్కన వాలితే కొలత ఏమీ తేల్చదు. లెసర్ అన్న పేరు చూసి అది డార్క్ కన్నా చిన్నదనుకున్నవారూ ఉన్నారు. రెండూ దాదాపు ఒకే పరిమాణం.

అందుకే నా నోటుపుస్తకంలో శాస్త్రీయ నామాల్లోని రెండో మాటే రాసుకుంటాను: లెసర్‌కు ఓటిస్, డార్క్‌కు కర్సంద్రా, టైనీకి హైలాక్స్, పేల్‌కు మహా. మహాను మినహాయిస్తే ఈ మాటలు మన చెవికి రంగునూ కొలతనూ చెప్పవు కాబట్టి కంటిని తప్పుదారి పట్టించవు. ఇకనుంచి మీరూ అలాగే రాయండి. హైలాక్స్‌కు ఒక్క గుర్తు చాలు: ముందు రెక్క అడుగున, పై అంచును ఆనుకుని చిన్న చుక్క ఉంటుంది. మహా గుర్తుల సంగతి ఈ పాఠంలో ఎత్తను. దానికి విడిగా చోటు కావాలి.

మీరు తికమకపడ్డారని నిరుత్సాహపడవద్దు. వీటి వర్గీకరణ చరిత్ర నిండా ఇదే తికమక. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ 1865లో కర్సంద్రాకు పేరు పెట్టారు. 1881లో సింహళం సీతాకోకల మీద రాస్తూ ఈ చిన్న నీలివాటికి జిజెరా అని ఒక ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, ఏర్పరిచారు. కానీ ఆ ప్రజాతికి ఆదర్శ జాతిగా, అంటే ఆ పేరు ఎవరిదో తేల్చే జాతిగా, ఎంచుకున్నది యూరప్‌లోని ఒక చిన్న నీలి సీతాకోకను. ప్రజాతి పేరు ఎప్పుడూ దాని ఆదర్శ జాతి వెంటే వెళుతుంది. అది అప్పటికే ఉన్న కుపిడో అనే ప్రజాతికి చెందినదని తేలేసరికి, జిజెరా పేరు అందులో కలిసిపోయింది. మన గట్లమీది నీలివాటికి ప్రజాతి పేరు లేకుండా పోయింది.

1910లో థామస్ అల్జెర్నన్ చాప్‌మన్ వీటిని మళ్లీ చేతికి తీసుకున్నారు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. రెక్కలను పక్కనపెట్టి, మగవాటి జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. పైకి అక్కాచెల్లెళ్లలా కనిపించే ఇవి లోపల ఒకే గుంపు కావని గమనించి మూడు ప్రజాతులుగా విడదీశారు: జిజీరియా, జిజినా, జిజులా. కర్సంద్రా మొదటిదానిలోకి, ఓటిస్ రెండోదానిలోకి, హైలాక్స్ మూడోదానిలోకి వెళ్లాయి. ఈ మూడు పేర్లూ ఒకేలా వినిపిస్తాయని ఒకరు విసుక్కున్నారు. పాత జిజెరా జ్ఞాపకం వాటిలో మిగిలి ఉంది, నాకు మాత్రం అది బాగుంది. మహాను సూడోజిజీరియా పేరుతో వేరు చేసింది 1955లో బ్యూరే అనే సీతాకోకల శాస్త్రవేత్త.

గ్రాస్ జ్యువెల్ అనే మరో చిన్న సీతాకోక ఉన్న ఫ్రేయేరియా ప్రజాతికి పేరు పెట్టిన కూర్వాజియే కూడా వైద్యుడే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శస్త్రచికిత్సకుడు. పిత్తాశయం ఉబ్బుకు సంబంధించి వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదివే సూత్రం ఆయన పేరుమీదే ఉంది. ఆయన 1918లో చనిపోయారు, ఫ్రేయేరియా అన్న పేరు 1920లో అచ్చయింది. మనిషి కడుపును అంత శ్రద్ధగా చూసిన కన్ను గోరంత సీతాకోకనూ అదే శ్రద్ధతో చూసిందన్న తలపు నాకు చాలా ఇష్టం.

హైలాక్స్‌కు పేరు ఇంకా ముందే వచ్చింది. 1775లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ దాన్ని తమిళ తీరంలోని తరంగంబాడినుంచి వచ్చిన నమూనా చూసి వర్ణించారు. ఆ రోజుల్లో తరంగంబాడినుంచి ఆయనకు పురుగులను చేరవేసినవారిలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకరు. ఫాబ్రీసియస్‌లాగే ఆయనా, జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కు శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశారు. అప్పుడు సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో ఆయనకు చివరి రోజుల్లో వైద్యం చేశారు. కాకినాడలో ఉన్న పాఠకులు ఎవరైనా తమ పెరటిలో హైలాక్స్‌ను చూస్తే నాకు తప్పక రాయాలి.

పాత పుస్తకాలు చూసేవారికి ఒక మాట. వాటిలో గైకా అని కనిపిస్తే అది హైలాక్సే.

ఒక ఉదయం చూసింది చెబుతాను. వానలు తగ్గిన వారం. చెరువు గట్టుమీద పల్లేరు నేలంతా పాకి ఉంది. గోధుమరంగు ఆడది ఒకటి ఆకునుంచి ఆకుకు నడుస్తోంది. ఎగరదు, నడుస్తుంది. ప్రతి ఆకునూ ముందుకాళ్లతో తట్టి చూస్తోంది. ఒకచోట ఆగి, పొట్ట చివరను వంచి ఆకు అడుగుకు తాకించి క్షణంసేపు కదలకుండా ఉంది. అది ఎగిరిపోయాక ఆకు తిప్పి భూతద్దంతో చూశాను. ఆవగింజలో సగం కూడా లేని గుడ్డు. నడుమ కాస్త లోతుగా, చుట్టూ తెల్లని జాలీ అల్లినట్టు గుండీలా ఉంది. ఆ ఆడదాన్ని రంగు చూసి ఎవరూ చెప్పలేరు. వెనుక రెక్క వంపులో ఎక్కడా మెలిక లేదు. కర్సంద్రా.

ఇందులో పల్లేరు నాకు సాక్ష్యంగా ఉపయోగపడింది. కర్సంద్రా పల్లేరుమీద, చిలకతోటకూరమీద గుడ్లు పెడుతుంది. ఓటిస్‌కు చిక్కుడు కుటుంబపు చిన్నచిన్న గడ్డిమొక్కలు కావాలి, మహాకు పులిచింత, హైలాక్స్‌కు నీరుగొబ్బి బంధువులు. అయితే ఇది గుడ్డు పెడుతున్న ఆడదాని విషయంలోనే పనికొస్తుంది. తేనె తాగడానికి ఇవన్నీ గడ్డిచామంతి మీదే వాలతాయి. గడ్డిచామంతి మీద కనిపించిందని రాసి ఊరుకుంటే నాకు ఏమీ తెలియదు.

వేసవిలో ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలపు రూపంలో అడుగుభాగం గోధుమరంగుకు తిరిగి, చుక్కలు వెలిసిపోతాయి. అప్పుడు చుక్క నలుపును వెతకకండి, దాని స్థానాన్ని వెతకండి. వెలిసినా రెండో చుక్క ఉండాల్సిన చోటే ఉంటుంది. ఒకే జాతి వానకు ఒకలా, ఎండకు ఒకలా కనిపిస్తుందని తెలియక ఒకప్పుడు రెండు రూపాలకూ వేర్వేరు పేర్లు పెట్టేశారు. 1880ల్లో కలకత్తాలో డి నిసెవిల్ అనే సీతాకోకల నిపుణుడు కొన్ని సీతాకోకలను గుడ్డునుంచి పెంచి, ఒక రూపం సంతానంలో రెండో రూపం రావడం చూశాకే కొన్ని పేర్ల చిక్కు విడింది.

అభ్యాసం. ఇది కష్టంగా ఉంటుంది, తగ్గించను. ఒకే చోట, గట్టు కానీ పాఠశాల మైదానం కానీ, వరుసగా మూడు ఉదయాలు కూర్చోండి. పన్నెండు వేర్వేరు సీతాకోకల వెనుక రెక్కలను పెన్సిలుతో గీయండి. రంగులు వద్దు. రెక్క అంచు, అడ్డగీత, దాని అవతలి చుక్కలు, అంతే. ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు కానీ ఫొటో చూసి గీయకండి. ముందు కంటితో గీసి, తర్వాత ఫొటోతో సరిపోల్చి, తప్పిన చుక్కను ఎర్ర సిరాతో దిద్దండి. దిద్దుళ్లు చెరపకుండా పంపండి. బొమ్మ పక్కన జాతి పేరు రాయకండి, ఆ పని వచ్చే పాఠంలో బొమ్మలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చేద్దాం.