జుట్టు మందు పని మానేసిందా? ముందు సీసా చూడండి

గాజువాకలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి పదిహేనేళ్లు దాటింది. జుట్టు మందు మొదటిసారి కొనేటప్పుడు కుర్రాళ్లు గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని అడుగుతారు. ఆరు నెలలయ్యాక అదే కుర్రాడు నలుగురి మధ్యా గట్టిగానే అంటాడు: "ఏటన్నా, ఈ మందు పని మానేసినట్టుంది."

నేను వెంటనే వేసే ప్రశ్న ఒకటే. "సీసా ఎప్పుడు కొన్నావు బాబూ?"

సీసా లెక్క

తలకు రాసే మినాక్సిడిల్ ద్రావణం మగవాళ్లకు మామూలుగా ఒక పూటకు 1 మి.లీ., రోజుకు రెండు పూటలు. అంటే 60 మి.లీ. సీసా 30 రోజులకు ఖాళీ కావాలి. డాక్టర్ ఒక పూటే రాయమంటే 60 రోజులు. రెండు పూటలు రాయాల్సిన మనిషికి ఒక సీసా రెండున్నర నెలలు వస్తోందంటే తలకు పడుతున్నది సగం కూడా లేదు. మందును తప్పుపట్టే ముందు ఈ లెక్క చూసుకోవాలి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

స్ప్రే సీసా అయితే ఎన్నిసార్లు నొక్కితే 1 మి.లీ. అవుతుందో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని అందరూ షాపు మెట్ల మీదే పారేసి పోతారు.

బట్టతలకు రోజూ వేసుకునే ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. మాత్ర వాడేవాళ్లకూ ఇదే లెక్క. పది మాత్రల స్ట్రిప్‌లు నెలకు మూడు కావాలి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసే ఒకాయన "రోజూ వేసుకుంటున్నా" అని ఒట్టేసి చెప్పాడు. పాత బిల్లులు తీసి చూస్తే రెండు నెలలకు నాలుగు స్ట్రిప్‌లే ఉన్నాయి. నైట్ డ్యూటీ వారాల్లో పగలు పడుకుని మర్చిపోతున్నాడు. వేళ ఏదైనా ఫర్వాలేదు, నిద్ర లేచి పళ్లు తోముకున్నాక అని ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు.

లెక్క సరిపోయింది, అయినా ఫలితం లేదు: మందు కుదుళ్లకు చేరుతోందా?

మన ఇళ్లలో పెద్ద అడ్డంకి కొబ్బరినూనె. పొద్దున్నే అమ్మ తలకు నూనె పెడుతుంది, దాని మీద మందు. మినాక్సిడిల్ చర్మంలోకి ఇంకాలి, నూనె పొర మీద పోస్తే వెంట్రుకలకు పట్టి జారిపోతుంది. నూనె మానేయమని చెప్పను. తలంటుకు ముందు పెట్టుకోండి. మందు మాత్రం శుభ్రంగా, పొడిగా ఉన్న మాడు మీద, పాపిడి తీసి రాయాలి. రాశాక నాలుగు గంటలు తల తడపకూడదు.

రెండోది మన విశాఖ గాలి. ఏప్రిల్, మే నెలల్లో స్నానం చేసి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ చెమట. ఆ చెమట మీద మందు రాసి, తడి ఆరకముందే హెల్మెట్ పెట్టుకుని ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికి సగం మందు హెల్మెట్ స్పాంజికి పడుతుంది. హెల్మెట్ మానకండి, దయచేసి. మందు వేళ మార్చుకోండి: పొద్దున లేవగానే ఫ్యాన్ కింద, సాయంత్రం ఇంటికొచ్చి తల ఆరాక. పడుకునే ముందు రెండు గంటలైనా ఎడం ఉండకపోతే దిండుకు పడుతుంది. ముఖానికి తగిలితే అక్కడా వెంట్రుకలు వస్తాయి, ఆడవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్త.

సీసాను స్కూటర్ డిక్కీలో పెట్టి తిరిగేవాళ్లూ ఉన్నారు. ద్రావణంలో ఆల్కహాల్ ఉంటుంది. ఎండకు వేడెక్కి, మూత వదులైతే అది ఆవిరైపోయి అంచున తెల్లటి పొడి కడుతుంది. అలాంటి సీసా పక్కన పెట్టేయండి. అంటుకునే గుణం ఉంది కాబట్టి పొయ్యి, దీపం, సిగరెట్ దగ్గర రాసుకోవద్దు. ఇంట్లో పిల్లి ఉంటే అది మందు నాకకుండా చూడాలి, పిల్లులకు మినాక్సిడిల్ ప్రాణాంతకం.

మొదలుపెట్టిన నెలకే ఇంకా ఎక్కువ రాలుతోంది

భయపడి ఆపేసేది ఇక్కడే. మినాక్సిడిల్ మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాల్లో, విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకలు ఊడి కొత్తవాటికి చోటిస్తాయి. కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. ఆపకుండా కొనసాగించాలి, అంతే. రెండు నెలలు దాటినా గుప్పెళ్లుగా వస్తుంటే డాక్టర్‌కి చూపించాలి.

ఏడాది బాగుంది, ఇప్పుడు మళ్లీ పలచబడుతోంది

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "ఒంటికి మందు అలవాటైపోయింది" అనే మాట పుట్టేది ఇక్కడే.

బట్టతల వారసత్వంగా వచ్చి, డీహెచ్‌టీ అనే హార్మోన్ వల్ల ముదిరేది. మందు వాడుతున్నా అది లోపల తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. ఫినాస్టరైడ్ రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది, మిగతా 30 శాతం ఉండనే ఉంది. మినాక్సిడిల్ హార్మోన్ జోలికే పోదు, కుదురును ఎదుగుదల దశలో ఎక్కువ కాలం నిలబెడుతుంది. ఈ మందుల మీద ఐదేళ్లు సాగిన పరిశీలనల్లో వెంట్రుకల సంఖ్య మొదటి ఏడాది చివరికి పైకెళ్లి, తర్వాత నెమ్మదిగా దిగింది. అయితే ఫినాస్టరైడ్ వాడినవాళ్లకూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ మధ్య తేడా ఏటేటా పెరుగుతూనే పోయింది. వాడనివాళ్లు అంతకంటే చాలా పోగొట్టుకున్నారు.

కాబట్టి పోల్చుకోవాల్సింది మొదటి ఏడాది చివరి ఫొటోతో కన్నా మందు మొదలుపెట్టిన రోజు ఫొటోతో. ఫొటో లేదా? ఈరోజే తీయించుకోండి. నెలకొకసారి, అదే గదిలో అదే లైటు కింద, పొడి జుట్టుతో, నడినెత్తి కనిపించేలా ఇంట్లో ఎవరిచేతైనా తీయించాలి. బాత్రూమ్ ట్యూబ్‌లైటు కింద తడి తలను చూసుకుంటే పద్దెనిమిదేళ్ల వాడికి కూడా టెన్షన్ వస్తుంది.

ఫొటోల్లో నిజంగా వెనక్కి పోతుంటే ఆపేయడం మందు కాదు. మినాక్సిడిల్ మానేసిన మూడు నాలుగు నెలల్లో అది తెచ్చిన జుట్టంతా పోతుంది, ఫినాస్టరైడ్ మానేస్తే ఏడాదిలోపు. ఒకదానికి రెండోది జోడించడం, ఫినాస్టరైడ్ బదులు అదే తరహా మాత్ర డ్యూటాస్టరైడ్, తక్కువ మోతాదులో నోటి మినాక్సిడిల్ లాంటివి చర్మ డాక్టర్ ఆలోచిస్తారు. నోటి మినాక్సిడిల్ అసలు బీపీ మందు. గుండె దడ, కాళ్ల వాపు తేగలదు. పక్కింటివాడి చీటీ చూపించి అడిగితే నేను ఇవ్వను.

మొదటి నుంచీ ఏడాదిపాటు సరిగ్గా రాసినా మార్పే రాని కొందరుంటారు. మినాక్సిడిల్‌ను పనిచేసే రూపానికి మార్చే ఎంజైమ్ కొందరి మాడులో తక్కువ. ఇది మీ తప్పు కాదు. మోతాదు రెట్టింపు చేస్తే దురద, దడ తప్ప ఒరిగేదేమీ లేదు.

బాగానే ఉంది, ఒక్కసారిగా గుప్పెళ్లుగా ఊడుతోంది

మూడు నెలలు వెనక్కి వెళ్లి ఆలోచించండి. డెంగ్యూ, టైఫాయిడ్, ఆపరేషన్, కాన్పు, గబగబా బరువు తగ్గే డైటింగ్, ఏదైనా జరిగిందా? పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలే. బట్టతల మందుకు దీనితో సంబంధం లేదు. చాలావరకు ఆరు నెలల్లో సర్దుకుంటుంది, మందు మాత్రం ఆపకండి. థైరాయిడ్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు డాక్టర్ రాయిస్తారు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలదు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు అదీ చెప్పాలి. అది ఒంట్లో డీహెచ్‌టీగా మారుతుంది.

మాడు దురద, పొక్కులు

చుండ్రు ఉంటే ముందు దాన్ని తగ్గించుకోవాలి. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగను ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. మందు మొదలయ్యాకే దురద వచ్చిందంటే ద్రావణంలో మందును కరిగించే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం పడటం లేదేమో. నురగ రూపంలో వచ్చే మినాక్సిడిల్‌లో సాధారణంగా అది ఉండదు.

ఇక కౌంటర్ దగ్గర తరచూ వినే రెండు మాటలు. "బోరు నీళ్ల వల్లే కదా?" ఉప్పు నీళ్లకు వెంట్రుక బిరుసెక్కి మధ్యలో తెగుతుంది, కుదురుకు బట్టతల రాదు. "సింహాచలం వెళ్లి అప్పన్నకు తలనీలాలిస్తే మందు వృథా అవుతుందా?" అవదు, కుదురు చర్మం లోపల ఉంటుంది. గుండు మీద గాట్లు మానేదాకా మాత్రం రాయకండి, గాయంలోంచి మందు ఎక్కువగా రక్తంలోకి పోతుంది.

ఆలస్యం చేయకూడనివి

రూపాయి బిళ్లంత గుండ్రంగా నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, దానికి వైద్యం వేరు. మాడు ఎర్రబడి, చీము పట్టి, మచ్చలా నిగనిగలాడుతుంటే వారం కూడా ఆగొద్దు, అక్కడ కుదుళ్లే చచ్చిపోతాయి. మినాక్సిడిల్‌తో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆపి వెంటనే ఆసుపత్రికి. ఫినాస్టరైడ్‌తో లైంగిక ఇబ్బంది, దిగులు కనిపిస్తే దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పండి. గర్భిణులు విరిగిన ఫినాస్టరైడ్ మాత్రను ముట్టుకోకూడదు. నలభై దాటినవాళ్లు ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ పరీక్షకు వెళ్తే ఈ మాత్ర సంగతి చెప్పాలి, ఆ అంకెను ఇది సగానికి తగ్గిస్తుంది. రక్తదానం చేయాలంటే మాత్ర ఆపి నెల గడవాలి.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మ విభాగం ఓపీకి వెళ్లినా, సిరిపురంలో ప్రైవేటు డాక్టర్ దగ్గరికి వెళ్లినా, వాడుతున్న సీసా, స్ట్రిప్, పాత బిల్లులు, ఫోన్‌లో ఫొటోలు వెంట పెట్టుకోండి. ఆ పొద్దున తలకు నూనె, రంగు ఏమీ వద్దు, మాడును భూతద్దంతో చూడాల్సి ఉంటుంది.